మిర్యాలగూడ గోదాముల్లో ఎలుకలు, చుంచులు: చంపాలా, దారులు మూయాలా?

గోదాము_కాపు: యాసంగి వడ్లు దిగకముందే ఎలుక, చుంచు, గబ్బిలం ఏదీ మిగలకుండా చంపాలన్నదే నా మాట. 2018లో కోజికోడ్‌కు నిపా గబ్బిలాల నుంచే వచ్చింది గదా. జంతువే లేకుంటే వైరస్ ఎక్కడుంటది?

చుంచు_పక్షం: అన్నా, మూడింటినీ ఒకే గాటన కట్టొద్దు. నిపాను మోసేది చెట్లకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలం, కప్పు సందుల్లో దూరే చిన్నది కాదు. చుంచు అసలు ఎలుక జాతే కాదు, పురుగులు తినేది. అట్లని దాన్ని వెనకేసుకు రాను: 1964లో వెల్లూరు తొట్టపాళయంలో పట్టిన చుంచులో హంటావైరస్ (ఎలుకలు, చుంచుల వంటివి మోసే వైరస్) దొరికింది. కానీ జంతువులో దొరకడం వేరు, మనిషికి జబ్బు చేయడం వేరు.

ఉగాండాలోని కిటాకా గని చూడండి. 2007లో మార్బర్గ్ జబ్బు (ఎబోలా లాంటి ప్రాణాంతక జ్వరం) వచ్చిందని అక్కడి గబ్బిలాలను చంపేశారు. తర్వాత కొత్తవి వచ్చి చేరాయి. 2012లో దగ్గరి ఇబాండాలో మళ్లీ జబ్బు లేచింది. గనిలో పరీక్షిస్తే వైరస్ ఉన్నవి 13 శాతం. చంపకముందు 5 శాతమే.

గోదాము_కాపు: గబ్బిలం ఏడాదికి ఒకటో రెండో పిల్లల్ని కంటది. ఎలుకతో పోలికెట్ల?

చుంచు_పక్షం: ఎలుకతో ఇంకా తొందరగా అవుతది. మూడు వారాలకే ఈనుతది. ఖాళీ అయిన చోటికి పొలం నుంచి పందికొక్కులు వస్తాయి. వైరస్ ఎన్నడూ తగలని పిల్లలు ఎక్కువైతే అది పాకడానికి కొత్త ఒళ్లు దొరికినట్టే.

బోను_మేస్త్రి: ఎలుకను ఉండనిద్దామని ఎవరూ అనట్లేదు, ఏది ముందన్నదే తగాదా. ముందు దారులు మూయాలి. చిటికెనవేలు దూరే సందు చిట్టెలుకకు చాలు. ఇనుప జాలి కుక్కి సిమెంటు పెట్టండి, ఫోమ్ అయితే కొరికేస్తాయి. షట్టరు కింద రేకు, బస్తాలకూ గోడకూ మధ్య 2 అడుగులు. ఆ తర్వాతే బోన్లు. జింక్ ఫాస్ఫైడ్ తిని బతికిన ఎలుక దాన్ని మళ్లీ ముట్టదు, చచ్చింది బస్తాల నడుమ కుళ్లుతది.

అసలు తప్పు చీపురుతో జరుగుతుంది. హంటావైరస్ ఎండిన పెంటికలు, ఉచ్చ దుమ్ముతో ముక్కులోకి పోతది. తలుపులు అరగంట తెరిచి పెట్టండి. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్లకు 17 గ్రాములు, ఆ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. బాగా తడిపి 5 నిమిషాలు ఆగి గుడ్డతో ఎత్తండి. చేతులకు గ్లౌజులు, ముక్కుకు ఎన్95. యాసిడ్ మాత్రం కలపొద్దు, విషపు గాలి లేస్తది.

గోదాము_కాపు: పొడిగా ఊడ్వొద్దన్నది ఒప్పుకుంటున్న. అద్దె గోదాముకు ఆ రేకు, జాలి ఖర్చు ఎవరు పెట్టాలె?