ఇంటి బ్యాకప్ సర్వర్: పాత డెస్క్‌టాప్ సరిపోతుందా, రెడీమేడ్ నాస్ కొనాలా?

వెన్నెలతీరం

అందరికీ నమస్కారం. ఇంట్లో రెండు విండోస్ ల్యాప్‌టాప్‌లు, ఒక మ్యాక్, ఒక లైనక్స్ మెషీన్, నాలుగు ఫోన్లు ఉన్నాయి. డేటా మొత్తం కలిపితే 3 టీబీ దాకా వస్తుంది, అందులో ఎక్కువ భాగం ఫొటోలూ వీడియోలే. ఇన్నాళ్లూ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి గుర్తొచ్చినప్పుడల్లా కాపీ చేసుకుంటూ వస్తున్నాం. పిల్లల చిన్నప్పటి వీడియోలన్నీ ఆ ఒక్క డిస్క్ మీదే ఉన్నాయని తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. అందుకే ఇంటి నెట్‌వర్క్‌లో ఒక బ్యాకప్ సర్వర్ పెట్టాలని అనుకుంటున్నాం.

వాడకుండా పక్కన పెట్టిన డెస్క్‌టాప్ ఒకటి ఉంది: నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, డిస్కులు తగిలించే ఆరు సాటా పోర్టులు. దాంట్లో కొత్త డిస్కులు వేసి సర్వర్‌గా మార్చేయమని మా బావ అంటున్నాడు. మా తమ్ముడేమో రెండు డిస్కులు పట్టే రెడీమేడ్ నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టె) కొనేసి ప్రశాంతంగా ఉండమంటున్నాడు. లైనక్స్ కమాండ్ లైన్ నాకు కొత్త కాదు గానీ, రోజూ దాంతోనే కూర్చునే తీరిక లేదు. మీరైతే ఏం చేస్తారు?

సర్వర్‌గది

మీ బావగారితో నేను ఏకీభవిస్తాను. బ్యాకప్ సర్వర్ చేసే పని చాలా తేలిక. ఫైళ్లు తీసుకోవడం, రాయడం, అప్పుడప్పుడూ సరిచూడటం, అంతే. దానికి నాలుగో తరం ఐ5 కావలసినదానికంటే ఎక్కువే. ట్రూనాస్ (మామూలు కంప్యూటర్‌ని నాస్‌గా మార్చే ఆపరేటింగ్ సిస్టమ్) వాళ్లు అడిగే కనీస ర్యామ్ 8 జీబీ, మీ దగ్గర అంతే ఉంది. ట్రూనాస్ బరువనిపిస్తే మామూలు డెబియన్ లైనక్స్ వేసి జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెట్టుకోండి, లేదా డెబియన్ మీదే నడిచే ఓపెన్‌మీడియావాల్ట్ చూడండి.

జెడ్ఎఫ్ఎస్ ఎందుకంటే, సన్ మైక్రోసిస్టమ్స్ దాన్ని 2005లో బయటపెట్టినప్పటి నుంచీ దాని ప్రాణమంతా చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే గుర్తు సంఖ్య) లోనే ఉంది. ప్రతి బ్లాకుకీ ఒక చెక్‌సమ్ రాసిపెట్టుకుని, చదివిన ప్రతిసారీ పోల్చి చూస్తుంది. నెలకోసారి స్క్రబ్ (డిస్క్‌లో ఉన్నదంతా చదివి సరిచూడటం) నడిపితే, ఎవరూ తెరవని పాత ఫొటోలో ఒక్క బిట్ మారినా బయటపడుతుంది. పైగా రేపు మదర్‌బోర్డు పోయిందనుకోండి, డిస్కులు తీసి జెడ్ఎఫ్ఎస్ ఉన్న ఇంకే మెషీన్‌కి తగిలించినా పూల్ (ఆ డిస్కుల్లోని డేటా మొత్తం) ఇంపోర్ట్ అవుతుంది. ఏ కంపెనీ మీదా ఆధారపడనక్కర్లేదు.

రాత్రిషిఫ్ట్

సర్వర్‌గది గారు చెప్పినవన్నీ నిజమే గానీ, అడిగినవారు తీరిక లేదని ముందే చెప్పారు కదండీ. ఆ తరం డెస్క్‌టాప్ డిస్కులతో కలిపి ఖాళీగా ఉన్నా 50 వాట్ల దాకా లాగుతుంది. ఏడాది పొడవునా ఆన్‌లో ఉంచితే 438 యూనిట్లు. రెండు డిస్కుల నాస్ 20 వాట్ల దగ్గర నడుస్తుందనుకుంటే 175 యూనిట్లే. కరెంటు తేడా ఏటేటా కట్టాల్సిందే.

దానికి తోడు పదేళ్లు దాటిన పవర్ సప్లై. అది పోయేటప్పుడు ఒక్కోసారి డిస్కుల్ని కూడా తీసుకుపోతుంది. అసలు ప్రశ్న ఇంకొకటి: మీరు ఊళ్లో లేనప్పుడు ఫైలు పోతే ఇంట్లోవాళ్లు తీసుకోగలరా? రెడీమేడ్ నాస్‌లో బ్రౌజర్ తెరిచి, తేదీ ఎంచుకుని, ఫైలు వెనక్కి తెచ్చుకోవచ్చు. బ్యాకప్ అంటే ఒక్కరికే తెలిసిన విద్య కాకూడదు.

సర్వర్‌గది

పవర్ సప్లై కొత్తది వేయాలన్నది ఒప్పుకుంటాను, అందులో వాదన లేదు. కరెంటు లెక్క మాత్రం అన్యాయం. బ్యాకప్ సర్వర్ రోజంతా మెలకువగా ఉండాలని ఎవరన్నారు? బయోస్‌లో రోజూ ఒక సమయానికి ఆన్ అయ్యేలా అలారం పెట్టుకోవచ్చు. రాత్రి రెండు గంటలు నడిచి, పని అయ్యాక తనే షట్‌డౌన్ అయితే ఏడాదికి 37 యూనిట్లకు లోపే. మీ నాస్ కంటే తక్కువ! ఆఫ్‌లో ఉన్న మెషీన్‌లోకి వైరస్ కూడా దూరలేదు.

పావురాయి

ఇద్దరూ పెట్టె గురించే మాట్లాడుతున్నారు. నేను ఇంకో వైపు నుంచి వస్తాను.

ఇంట్లో ఒక విండోస్ ల్యాప్‌టాప్‌కి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) తగిలిందనుకోండి. సర్వర్ ఫోల్డరు అందులో జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ అయి, పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంటుంది. ఆ ప్రోగ్రామ్‌కి సీ డ్రైవ్ ఏదో, సర్వర్ ఏదో తేడా తెలియదు. రాయడానికి అనుమతి ఉన్న ప్రతి ఫైలునీ ఎన్‌క్రిప్ట్ చేసుకుంటూ పోతుంది. అది జెడ్ఎఫ్ఎస్ అయినా, ఖరీదైన నాస్ అయినా, నాలుగు డిస్కుల్ని కలిపి వాడే రెయిడ్ అయినా ఒకటే. చెడిపోయిన ఫైళ్లనే ఎంతో భద్రంగా, చెక్‌సమ్‌తో సహా దాచిపెడుతుంది.

నాస్‌ల మీదే నేరుగా జరిగిన దాడులూ ఉన్నాయి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ పరికరాలు ఇంటర్నెట్ నుంచే ఫ్యాక్టరీ రీసెట్ అయిపోయి చాలామంది డేటా తుడిచిపెట్టుకుపోయింది. 2022 జనవరిలో క్యూనాప్ నాస్‌లను డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ పట్టుకుంది. రెండింటిలోనూ దెబ్బ తిన్నవి ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి ఉంచిన పెట్టెలు. కాబట్టి ఏది కొన్నా రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ (బయటి నుంచి నేరుగా లోపలికి దారి) పెట్టకండి, ఆ దారుల్ని తనంతట తనే తెరిచే యూపీఎన్‌పీ ఆపేయండి. బయటి నుంచి కావాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ ద్వారానే రండి.

నా దృష్టిలో ముందు అడగాల్సిన ప్రశ్న ఇదీ: బ్యాకప్ తీసుకుంటున్న మెషీన్‌కి ఆ బ్యాకప్‌ను చెరిపే హక్కు ఉందా? ఉంటే మీ డిజైన్ తప్పు, హార్డ్‌వేర్ ఏదైనా సరే. సర్వరే వెళ్లి క్లయింట్ల (ల్యాప్‌టాప్‌లు, ఫోన్ల) నుంచి ఫైళ్లు లాక్కోవాలి. ల్యాప్‌టాప్‌లో సర్వర్ పాస్‌వర్డ్ అన్నదే ఉండకూడదు.

రాత్రిషిఫ్ట్

హక్కు గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ సర్వరే లాక్కోవడం ఆఫీసులో కుదిరినంత బాగా ఇంట్లో కుదరదు. ల్యాప్‌టాప్ ఎప్పుడు నిద్ర లేస్తుందో సర్వర్‌కి తెలియదు. ఫోన్ల సంగతి చెప్పనక్కర్లేదు. సర్వర్‌గది గారి రాత్రి రెండు గంటల పథకానికీ ఇదే చిక్కు, ఆ సమయానికి ల్యాప్‌టాప్‌లన్నీ మూసి ఉంటాయి!

ఇళ్లలో క్లయింటే పంపడం సహజం. పంపినదాన్ని క్లయింట్ చెరపలేకుండా చేస్తే చాలు. రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ వాడితే దాని రెస్ట్ సర్వర్‌ని అపెండ్-ఓన్లీ పద్ధతిలో నడపొచ్చు. కొత్తవి చేర్చగలరు, పాతవి తీసేయలేరు. మామూలు షేర్డ్ ఫోల్డరైతే సర్వర్ తన వైపు నుంచి గంట గంటకీ స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా దాచిన నకలు) తీసుకోవాలి. బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ ఉన్న నాస్‌లలో ఈ సౌకర్యం మెనూలోనే ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఏ ల్యాప్‌టాప్‌లోనూ సేవ్ చేయకండి. దాంతో లోపలికి వచ్చినవాడు స్నాప్‌షాట్లను కూడా తీసేయగలడు.

పావురాయి

అపెండ్-ఓన్లీ, సర్వర్ వైపు స్నాప్‌షాట్లు నాకూ సమ్మతమే. ల్యాప్‌టాప్‌లు ఎప్పుడు లేస్తాయో తెలియదన్న మాటా ఒప్పుకుంటున్నాను. నా అభ్యంతరం అంతా మ్యాప్ చేసిన జెడ్ డ్రైవ్‌ని బ్యాకప్ అనుకోవడం మీదే.

కెర్నల్‌కబుర్లు

డిస్కుల గురించి ఎవరూ మాట్లాడలేదు. డబ్బు ఎక్కువ ఖర్చయ్యేది అక్కడే, జనం మోసపోయేదీ అక్కడే. కొనే ముందు ఆ మోడల్ సీఎంఆర్‌దో ఎస్ఎంఆర్‌దో చూడండి, డిస్క్ మీద డేటా రాసే రెండు పద్ధతులివి. సీఎంఆర్‌లో ట్రాకులు విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కేలా రాస్తారు, అందుకే ఒక చోట మార్చాలంటే పక్కవాటిని కూడా తిరిగి రాయాలి. కొద్దికొద్దిగా రాస్తే తెలియదు. పోయిన డిస్క్ స్థానంలో కొత్తది పెట్టి రీసిల్వర్ చేసేటప్పుడు (డేటా తిరిగి నింపేటప్పుడు) గంటల్లో అయ్యేది రోజులు పడుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలో కొన్ని 2 నుంచి 6 టీబీ డిస్కులు ఎస్ఎంఆర్‌వని ఒప్పుకుంది. నాస్ కోసమని అమ్మినవే అవి! ఆ తర్వాత సీఎంఆర్ డిస్కుల్ని రెడ్ ప్లస్ పేరుతో విడదీశారు. డబ్బా మీద నాస్ అని ఉంటే సరిపోదు, స్పెసిఫికేషన్ షీట్‌లో సీఎంఆర్ అన్న మాట వెతకండి.

ఈసీసీ ర్యామ్ (తన తప్పుల్ని తనే సరిచేసుకునే ర్యామ్) లేకపోతే జెడ్ఎఫ్ఎస్ వాడకూడదన్న ప్రచారం మీకు కనబడుతుంది. ఈసీసీ ఉంటే మంచిదే, ఏ ఫైల్ సిస్టమ్‌కైనా. జెడ్ఎఫ్ఎస్‌కి మాత్రమే ప్రత్యేకంగా తప్పనిసరి ఏమీ కాదని దాని మూలకర్తల్లో ఒకరైన మాథ్యూ ఆరెన్సే చెప్పారు. మీ పాత ర్యామ్‌ని ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష నడిపి చూసుకోండి.

ఇక అసలు విషయం. రెండు డిస్కులు కొంటే వాటిని మిర్రర్ చేయకండి, అంటే ఒకే పెట్టెలో పెట్టి ఒకే డేటాని రెండింట్లోనూ రాయకండి. ఒకటి సర్వర్‌లో, రెండోది వేరే ఇంట్లో ఉండాలి. దొంగతనం, అగ్ని ప్రమాదం, పిడుగు, వీటి ముందు మిర్రర్ ఏం చేస్తుంది? రెండు డిస్కులూ ఒకే పెట్టెలో పోతాయి.

సర్వర్‌గది

ఇక్కడ గట్టిగా విభేదిస్తాను. ఒకే డిస్క్ ఉంటే జెడ్ఎఫ్ఎస్ పాడైన ఫైలు పేరు చెప్పగలదు గానీ బాగుచేయలేదు. మంచి కాపీ రెండో చోట ఉంటేనే దాన్ని తెచ్చి సరిచేస్తుంది. మిర్రర్ వల్లే చెక్‌సమ్‌కి పూర్తి ఫలితం.

కెర్నల్‌కబుర్లు

బాగుచేయడానికి అసలు ఫైలు ల్యాప్‌టాప్‌లో ఉంది కదండీ. స్క్రబ్ పేరు చెబితే మళ్లీ పంపుకుంటాం. అదీ కాకపోతే వేరే ఇంట్లోని డిస్క్ ఉంది.

సర్వర్‌గది

ల్యాప్‌టాప్ నిండిపోయి పాత వీడియోలు అక్కడ తీసేసిన రోజున? అప్పుడు సర్వర్‌లో ఉన్నదే అసలు, దాన్ని బ్యాకప్ అనడానికి వీల్లేదు. వెన్నెలతీరం గారిదీ అదే పరిస్థితి, ఆ చిన్నప్పటి వీడియోలు ఒక్క డిస్క్ మీదే ఉన్నాయన్నారు. మిర్రరూ పెట్టండి, బయట ఒక డిస్కూ పెట్టండి. మొత్తం మూడు.

కెర్నల్‌కబుర్లు

మూడు కొనగలిగితే నాకేమీ అభ్యంతరం లేదు. రెండే కొనగలిగినప్పుడు రెండోది బయటికి పోవాలన్నదే నా మాట. అది మార్చుకోను.

వెన్నెలతీరం

ఇంత ఓపిగ్గా చెబుతున్నందుకు అందరికీ ధన్యవాదాలు. నిజమే, ఆ వీడియోలకి అసలు కాపీ వేరే ఎక్కడా లేదు. మూడు డిస్కులకే సిద్ధపడతాను. ఇంకో సందేహం: ఇన్ని రకాల మెషీన్లకి ఒకే సాఫ్ట్‌వేర్ దొరుకుతుందా?

రాత్రిషిఫ్ట్

ఒక్కటే కావాలని పట్టుబడితే అన్నిచోట్లా రాజీ పడాలి. విండోస్‌కి యూర్‌బ్యాకప్ అనే ప్రోగ్రామ్ బాగుంటుంది. ఫైళ్లతో పాటు డ్రైవ్ మొత్తం ఇమేజ్ కూడా తీస్తుంది, ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌లోకి రాగానే తనే మొదలుపెడుతుంది. మ్యాక్‌కి దాని సొంత బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్ మెషీనే వాడండి, లైనక్స్ సర్వర్‌లో ఫోల్డర్లు షేర్ చేసే సాంబాలో 4.8 వెర్షన్ నుంచి ఆ సదుపాయం నేరుగా ఉంది. ఆ షేర్‌కి కోటా (గరిష్ఠ పరిమితి) పెట్టడం మరిచిపోవద్దు, లేకపోతే డిస్క్ మొత్తం నిండేదాకా టైమ్ మెషీన్ ఆగదు. లైనక్స్‌కి రెస్టిక్.

ఫోన్లకి సింక్‌థింగ్ అనే ప్రోగ్రామ్ వాడొచ్చు, జాగ్రత్తగా. అది సింక్ చేస్తుంది, అంటే రెండు వైపులా ఒకేలా ఉంచుతుంది. ఫోన్‌లో ఫొటో డిలీట్ చేస్తే సర్వర్‌లో కూడా పోతుంది. సర్వర్ వైపు ఫైల్ వెర్షనింగ్ (పాత వెర్షన్లు దాచడం) ఆన్ చేసి, దాని మీద స్నాప్‌షాట్లు తీసుకుంటేనే అది బ్యాకప్ కింద లెక్క.

మూడోకాపీ

ఆలస్యంగా వచ్చాను, కానీ ఇది చెప్పకుండా ఉండలేను. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే వెబ్‌సైట్) పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే చెరిపేశారు. బ్యాకప్‌ల కోసం వెళ్లి చూస్తే, రోజూ జరగాల్సిన డేటాబేస్ డంప్ (మొత్తం డేటా నకలు) సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల విఫలమవుతూ వస్తోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు మెయిల్ సర్వర్ దగ్గరే తిరస్కరణ పాలవుతున్నాయి. ఎవరికీ తెలియదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన ఒక స్నాప్‌షాట్ ఉంది కాబట్టి బయటపడ్డారు. ఇంతా చేసి అది ఆ పనే చేసే ఇంజనీర్లున్న కంపెనీ.

అందుకని విఫలమైతే మెయిల్ పంపు అని పెట్టి ఊరుకోకండి. బ్యాకప్ విజయవంతంగా అయినప్పుడల్లా ఎక్కడికో ఒక కబురు వెళ్లాలి, రెండు రోజులు ఆ కబురు రాకపోతే మీ ఫోన్ మోగాలి. సర్వరే చచ్చిపోయినా మీకు తెలుస్తుంది. రెస్టిక్ పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి బయటి డిస్క్ ఉన్న ఇంట్లో కాకుండా మరో చోట దాచండి. అది పోతే డేటా ఎన్ని కాపీలున్నా లేనట్టే, తిరిగి తెచ్చే దారి లేదు. మూణ్నెల్లకోసారి ఒక ఫోల్డరు వేరే మెషీన్‌లోకి రీస్టోర్ చేసి, వీడియో చివరిదాకా ఆడుతోందో లేదో చూడండి.

వెన్నెలతీరం

డెస్క్‌టాపే వాడదామని నిర్ణయించుకున్నాను, కొత్త పవర్ సప్లైతో. 8 టీబీ సీఎంఆర్ డిస్కులు మూడు: రెండు మిర్రర్, ఒకటి మా తమ్ముడి ఇంట్లో. మొదటిసారి 3 టీబీ ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది?

రాత్రిషిఫ్ట్

మీ ఇష్టం. నేనైతే ఇప్పటికీ రెడీమేడ్‌కే ఓటేస్తాను, కనీసం రీస్టోర్ చేసే పద్ధతి ఒక పేజీలో రాసి ఇంట్లోవాళ్లకి ఇవ్వండి. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకు 110 ఎంబీ వస్తే 3 టీబీకి ఎనిమిది గంటలకు కాస్త లోపు. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఇంకా ఎక్కువ. మొదటిసారి మాత్రం వైఫై మీద వద్దు.

సర్వర్‌గది

డేటా ఎక్కించే ముందు మూడు డిస్కుల మీదా స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యాన్ని తనే చూసుకునే సదుపాయం) లాంగ్ టెస్ట్ నడపండి, 8 టీబీకి సగం రోజు పైనే పడుతుంది. ఆ తర్వాత స్మార్ట్ పట్టికలో 5, 197 నంబర్ల వరుసల్లో (పాడైన, అనుమానాస్పద సెక్టార్ల లెక్క) విలువలు సున్నా దగ్గర ఉన్నాయో లేదో చూడండి. సున్నా కాకపోతే ఆ డిస్క్ వెంటనే మార్పించుకోండి. 199 (డేటా బదిలీలో వచ్చిన తప్పుల లెక్క) పెరుగుతూ ఉంటే చాలావరకు డిస్క్ తప్పు ఉండదు, ముందు సాటా కేబుల్ మార్చి చూడండి. పాత డెస్క్‌టాప్‌తో వచ్చిన కేబుళ్లను నేనైతే వాడను.