పొద్దున వాకింగ్‌కి ఏ చోటు మంచిది? నెగటివ్ అయాన్ల లెక్క నమ్మొచ్చా?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా నాయనకు అరవై దాటాయి, ఆస్తమా ఉంది. రోజూ నడవమని డాక్టర్ చెప్పారు. ఇంటి దగ్గర మెయిన్ రోడ్డుకు ఆనుకుని చిన్న పార్కు ఉంది. పానగల్ ఉదయసముద్రం చెరువు కట్ట మీదికి పోవాలంటే నేను బండి మీద దింపి రావాలి. చెట్ల దగ్గర నెగటివ్ అయాన్లు వేలల్లో ఉంటాయని, అవి ఊపిరితిత్తులను కడిగేస్తాయని వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. అది చదివినప్పటి నుంచి నాయన మబ్బుల్నే ఐదింటికి లేచి ఆ పార్కుకు పోతున్నారు. తిరిగొచ్చాక దగ్గు ఎక్కువవుతోంది. ఇంట్లోకి అయాన్ల మిషన్ కొందామని మా బావ అంటున్నాడు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

తమ్ముడూ, ముందు ఆ ఐదింటి నడక ఆపించు. చలికాలంలో ఆ టైమ్‌కి పొగంతా నేల మీదే కూర్చుని ఉంటుంది. కోతలయ్యాక కొయ్యకాళ్లు కాల్చే రోజుల్లో మా వైపు పొద్దున కిటికీ తెరవలేం. ఎండ పడ్డాక పంపించు.

జవాబు (దేవరకొండ నుంచి, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను)

అన్న చెప్పింది సరైన మాట. చలికాలం రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. కింద చల్లగాలి, పైన కాస్త వెచ్చని గాలి ఉంటాయి. ఆ వెచ్చని పొర మూతలా అడ్డుపడి కింది దుమ్మును, పొగను పైకి పోనివ్వదు. ఎండ తగిలి నేల వేడెక్కాకే, అంటే దాదాపు ఎనిమిది, తొమ్మిది గంటలకు గాలి కదులుతుంది. మీ నాయన సరిగ్గా మూత బిగుసుకున్న వేళకు రోడ్డు పక్కకు వెళ్తున్నారు.

ఇక అయాన్ల సంగతి. గాలిలో నెగటివ్ అయాన్లు, అంటే రుణ విద్యుదావేశం ఉన్న అతి చిన్న కణాలు, ఉండటం నిజమే. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు, నేలలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు, నీళ్లు చిట్లి తుంపరలు కావడం, ఇలా చాలా వాటి వల్ల అవి పుడతాయి. జలపాతాల దగ్గర గాలికి విద్యుదావేశం వస్తుందని ఫిలిప్ లెనార్డ్ 1892లోనే చూపించాడు. మన మల్లెలతీర్థం లాంటి చోట నీళ్లు రాళ్ల మీద పడుతుంటే జరిగేది అదే. జలపాతం పక్కన ఘన సెంటీమీటరు గాలిలో వేల నుంచి పదుల వేల అయాన్లు ఉండొచ్చు, మామూలు శుభ్రమైన ఆరుబయట కొన్ని వందలు. వినడానికి పెద్ద లెక్కలే. కానీ అదే ఘన సెంటీమీటరులో ఉన్న గాలి అణువులు రెండున్నర లక్షల కోట్ల కోట్లు. వాటి మధ్య ఈ వేలు ఎంత? పైగా ఒక అయాన్ బతికేది శుభ్రమైన గాలిలోనైనా కొన్ని నిమిషాలే. దుమ్ముంటే ఇంకా తక్కువ, ధూళి కణానికి అతుక్కుని అక్కడితో ముగిసిపోతుంది.

అందుకే దుమ్మున్న చోట అయాన్లు తక్కువగా, శుభ్రమైన చోట ఎక్కువగా కనిపిస్తాయి. చాలా వరకు గాలి బాగుంది కాబట్టి అయాన్లు మిగిలాయి. అయాన్లు ఉన్నాయి కాబట్టి గాలి బాగుపడింది అనుకోవడం తలకిందుల లెక్క. ఆరుబయట ఉండే ఆ కొద్దిపాటి అయాన్లు ఆస్తమాను తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు.

మన జిల్లా వాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. మనది గ్రానైట్ నేల. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం నిక్షేపాలు కూడా ఉన్నాయి. ఇలాంటి రాతిలోంచి వచ్చే రేడాన్ కూడా అయాన్లను పుట్టిస్తుంది. గాలి ఆడని గదిలో రేడాన్ పోగుపడితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. కాబట్టి అయాన్లు కొలిచే మీటరు ఎక్కువ చూపించినంత మాత్రాన ఆ గాలి ఆరోగ్యమని కాదు.

మీరు చూడాల్సింది ధూళి. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. గాలి నాణ్యత పెంచాల్సిన నగరాలంటూ అందులో గుర్తించిన వాటిలో హైదరాబాద్, పటాన్‌చెరుతో పాటు మన నల్లగొండ కూడా ఉంది. పీఎం 10 ధూళి (పది మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు) 24 గంటల సగటున ఘన మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 45.

ధూళి కొలిచే మీటర్ లేకపోయినా ఒక పని చేయండి. వాన పడి వారం దాటాక తెల్ల చేతిరుమాలు తడిపి పార్కులో రోడ్డు వైపు కానుగ ఆకు ఒకటి తుడవండి. తర్వాత కట్ట దగ్గర అలాగే ఒక ఆకు తుడవండి. రెండు మరకలూ నాయనకు చూపించండి. ఎక్కడికి పోవాలో ఆయనే చెప్తారు.

ప్రశ్న (నల్లగొండ)

చాలా సంతోషం సార్. మరి మిషన్ సంగతి? తాయెత్తులాగా మెడలో వేసుకునే అయాన్ లాకెట్ కూడా ఉందట.

జవాబు (దేవరకొండ)

లాకెట్ జోలికి అసలు పోవద్దు. అలాంటి కొన్నిటిలో థోరియం ఉన్న ఖనిజపు పొడి కలుపుతారు. అంటే రేడియోధార్మిక పదార్థాన్ని రాత్రింబవళ్లు చర్మానికి తగిలించుకోవడమే. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ రేడియేషన్ భద్రతా సంస్థ ఇలాంటి వస్తువులను పరీక్షించి, వాడటం ఆపేసి విడిగా దాచిపెట్టమని జనానికి చెప్పింది.

మిషన్ కొంత ధూళిని గాలిలోంచి తీస్తుంది, కాదనను. కానీ ఆ ధూళి గోడకు, పరుపుకు, కర్టెన్లకు అతుక్కుంటుంది. కొన్నాళ్లు వాడిన మిషన్ వెనక గోడ చూడండి, నల్లటి మచ్చ కనిపిస్తుంది. కొన్ని మిషన్లు ఓజోన్ కూడా వదులుతాయి. పాత జిరాక్స్ మిషన్ దగ్గర ఘాటుగా వచ్చేది ఆ వాసనే. ఆస్తమా ఉన్నవాళ్లకు అది శత్రువు. కొనాలనే ఉంటే అయాన్ల బటన్ లేని, సన్నని ధూళిని వడకట్టే హెపా ఫిల్టర్ మిషన్ కొనండి. అంతకంటే ముందు ఇంట్లో దోమల కాయిల్స్, అగరొత్తులు మానేయండి, పైసా ఖర్చు లేదు.

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి)

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా కాలనీలో రోడ్డు పక్కన కొంచెం ఖాళీ జాగా ఉంది. పిల్లలమర్రి లాగా పెద్ద మర్రి ఒకటి పెడితే గాలి బాగవుతుందా?

జవాబు (దేవరకొండ)

అక్కా, పిల్లలమర్రి ఎకరాల్లో విస్తరించిన చెట్టు, మీ కాలనీ జాగా దానికి చాలదు. రోడ్డుకూ పిల్లలు ఆడుకునే చోటుకూ మధ్య కింది నుంచే గుబురుగా పెరిగే మొక్కల వరస పెట్టండి. గన్నేరు విషం, పిల్లలు తిరిగే చోట వద్దు. మందారం, గోరింటాకు బాగుంటాయి. వాటి వెనక వేప, కానుగ పెట్టండి. ఇరుకు వీధిలో మాత్రం రెండు వైపుల కొమ్మలూ పైన కలిసిపోకుండా చూసుకోండి, కలిస్తే బండ్ల పొగ కిందే నిలిచిపోతుంది. కోనోకార్పస్ వద్దు, దాని పుప్పొడి కొందరికి ఎలర్జీ తెస్తుంది.

ప్రశ్న (నల్లగొండ)

సార్, నాకు డ్యూటీ ఉంటుంది, రోజూ కట్టకు తీసుకెళ్లడం కుదరదు. సాయంత్రం పార్కు పర్వాలేదా?

జవాబు (దేవరకొండ)

చలికాలంలో సాయంత్రం నాలుగు, ఐదు మధ్య పర్వాలేదు. పొద్దు గూకకముందే ఇంటికి వచ్చేయాలి. రోడ్డు వైపు కాకుండా లోపలి బాట మీద నడవమనండి. ఎండాకాలంలో పొద్దున ఆరింటికే పోవచ్చు, మధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు, అప్పుడు ఓజోన్ పెరుగుతుంది. కట్టకు ఆదివారాలు తీసుకెళ్లండి. ఇన్‌హేలర్ ఎప్పుడూ జేబులో ఉండాలి. టైమ్ మార్చినా దగ్గు తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి, ఊపిరి పరీక్ష చేసి మందు మార్చాల్సి రావచ్చు. రాత్రి ఆయాసంతో లేస్తుంటే మాత్రం ఆగకుండా రేపే తీసుకెళ్లండి.