ఫిజిక్స్ టీచర్‌కి బ్రిటన్‌లో ఎంపీ టికెట్ ఎలా వచ్చింది?

అనంతపురం_మాస్టారు:
బెంగళూరులో ఒక ప్రైవేటు పీయూ (మన ఇంటర్ లాంటిది) కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మొన్న ల్యాబ్‌లో స్క్రూ గేజ్ జీరో ఎర్రర్ చూపిస్తుంటే ఒక కుర్రాడు "సార్, లైలా మోరన్ కూడా ఫిజిక్స్ టీచరే, బ్రిటన్‌లో ఎంపీ అయింది, మీరూ నిలబడండి" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. ఇంటికొచ్చి చూస్తే నిజమే, ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్ చదివి, బ్రసెల్స్‌లో లెక్కలూ ఫిజిక్సూ చెప్పారట. పాఠాలు చెప్పుకునే మనిషికి టికెట్ ఎవరిచ్చారు, డబ్బు ఎక్కడిది? తెలిసినవాళ్లు చెప్పండి.

కోరమంగళ_శాంతి:
టికెట్ రాగానే గెలిచేశారనుకోకండి మాస్టారూ. 2010లో బ్యాటర్సీలో ఓడారు, 2015లో ఆక్స్‌ఫర్డ్ వెస్ట్ అండ్ అబింగ్డన్‌లో ఓడారు, 2017లో మళ్లీ అదే సీటులో 816 ఓట్లతో గట్టెక్కారు. ఆవిడ పార్టీ లిబరల్ డెమొక్రాట్లలో ముందు పార్టీ ఆమోదించిన జాబితాలో పేరుండాలి, ఆ తర్వాత నియోజకవర్గం సభ్యులే ఓటేసి అభ్యర్థిని ఎంచుకుంటారు. మనలాగా అధిష్ఠానం గుమ్మం ముందు పడిగాపులు ఉండవు. డిపాజిట్ 500 పౌండ్లు, 5 శాతం ఓట్లొస్తే వాపసు. మన లోక్‌సభకి 25 వేలు కట్టి ఆరో వంతు ఓట్లు తెచ్చుకోవాలి.

పాత_చరిత్ర:
ఇందులో కొత్తేముందండీ, మన దాదాభాయ్ నౌరోజీని మర్చిపోయారా? బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో లెక్కలు, నేచురల్ ఫిలాసఫీ చెప్పేవారు, అప్పట్లో ఫిజిక్స్‌ని అలాగే అనేవాళ్లు. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో గుజరాతీ ప్రొఫెసర్. 1886లో హోబర్న్‌లో ఓడిపోతే, రెండేళ్ల తర్వాత ప్రధాని సాల్స్‌బరీ ఇంగ్లిష్ ఓటర్లు నల్లవాణ్ణి ఎన్నుకోరన్నట్టు మాట్లాడాడు. 1892లో అదే నౌరోజీ సెంట్రల్ ఫిన్స్‌బరీలో 5 ఓట్లతో గెలిచి, పార్సీల పవిత్ర గ్రంథం అవెస్తా మీద ప్రమాణం చేసి కూర్చున్నారు. ఆయన పేరుని 'నారో మెజారిటీ' (బొటాబొటి ఆధిక్యం) అని మార్చి గేలి చేశారు కూడా!

మల్లేశ్వరం_రవి:
ఇంకో సంగతి. కామన్వెల్త్ పౌరులం కాబట్టి, మన పాస్‌పోర్ట్‌తో అక్కడ చట్టప్రకారం ఉంటే ఎంపీ ఎన్నికల్లో ఓటు ఉంటుంది. ఎంఎస్సీకి వెళ్లిన మా అన్నయ్య కూతురు 2024లో వేసింది, ఇక్కడ మాత్రం ఇంతవరకూ ఓటర్ కార్డే లేదు. మాస్టారూ, మీది ప్రైవేటు కాలేజీ కాబట్టి సరిపోయింది. ప్రభుత్వ లెక్చరరైతే ఉద్యోగం వదులుకోకుండా నిలబడడానికి లేదు.

అనంతపురం_మాస్టారు:
5 ఓట్లా! మా స్టాఫ్‌రూమ్ సెక్రటరీ ఎన్నికలో కూడా అంతకన్నా తేడా వచ్చింది. నిలబడ్డం సంగతి తర్వాత, ముందు శనివారం స్పెషల్ క్లాసుకి సెలవు దొరకాలి కదా. నౌరోజీ కథ రేపు ఆ కుర్రాడికి చెప్తాను. ఎంపీల లెక్కలన్నీ తెలుసు గానీ, ల్యాబ్ రికార్డు ఇంకా ఇవ్వలేదు వాడు.