టాపెట్ల ‘క్లియరెన్సు’కు తెలుగు మాట: ఎడమా, వదులా?

సభ్యులకు నమస్కారం. ‘వాల్వ్ క్లియరెన్సు’ను, అంటే ఇంజనులో వాల్వుకూ దాన్ని తెరిచే భాగాలకూ నడుమ ఉంచే సందును, తెలుగులో ఏమనాలన్న ప్రశ్నకు ‘ఎడం’, ‘ఖాళీ’, ‘అంతరం’ అన్న మాటలు సహజంగానే ముందుగా తోస్తాయి. ఆ మూడూ మంచి మాటలే. అయినా, 1955లో మద్రాసులో కూర్పు మొదలైన పాత బుల్లెట్ 350 ఇంజను విషయంలో అవి చదువరిని పొరపాటు పడేటట్లు చేస్తాయని నా అభిప్రాయం. అక్కడ సరిపోయే మాట ‘వదులు’.

ఎడం అంటే రెండింటి నడుమ దూరం, దాన్ని కొలవవచ్చు. సందును కొలిచే పలుచని ఫీలర్ గేజ్ రేకు దూర్చి టాపెట్లు (వాల్వును తెరిచే కదలికను అందించే ముక్కలు) సరిచేసే ఇంజన్లకు ఆ మాట చక్కగా అతుకుతుంది. పాత బుల్లెట్లో రేకుతో పని లేదు. ఇంజను పూర్తిగా చల్లారాక, పిస్టన్‌ను కంప్రెషన్ దెబ్బలో (వాల్వులు రెండూ మూసుకుని ఉండగా పిస్టన్ పైకి నొక్కే దశలో) పై కొసకు తెచ్చి, సిలిండరు పక్కనున్న టాపెట్ మూత విప్పి, పుష్‌రాడ్డును, అంటే టాపెట్ కదలికను పైకి అందించే కడ్డీని, రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూస్తాము. అది తేలికగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఏమాత్రం కదలకూడదు. పుష్‌రాడ్లు అల్యూమినియం మిశ్రమంతో చేసినవి కనుక వేడికి ఇంజనుతో పాటు అవి కూడా సాగుతాయి. అందుకే చల్లగా ఉన్నప్పుడు విడిగా ఎడం ఉంచనక్కరలేదు. అటువంటి చోట ‘ఎడం సున్నా’ అని రాస్తే, కొత్తగా నేర్చుకునేవారు నట్టును బిర్రుగా బిగించేస్తారు. అప్పుడు వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ పోతుంది, వేడిని సీటు ద్వారా హెడ్డుకు వదలలేక ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. ‘బిగువు లేకుండా, కదిలేంత వదులూ లేకుండా’ అని రాస్తే ఆ ప్రమాదం ఉండదు, ఎందుకంటే బిగువూ వదులూ చొక్కా తొడుక్కున్నప్పటి నుంచీ మన ఒంటికి తెలిసిన మాటలు.

‘కవాటం’ గురించి ఒక్క మాట. తలుపు రెక్క అన్న అర్థమున్న ఆ సంస్కృత పదం గుండె కవాటాలతో స్థిరపడింది. పుస్తకంలో వాడవచ్చు గానీ, షెడ్డులో వాల్వే వాల్వు.

నేను గట్టిగా నిలబెట్టదలచిన మాట మరొకటి ఉంది, ‘జోడు’. ఈ ఇంజనులో రాకర్లు (పుష్‌రాడ్డు తోస్తే వాల్వును నొక్కే మీటలు) తిరిగే బేరింగు దిమ్మె రెండు సగాలుగా ఉంటుంది, ఆ రెండింటినీ ఒకటిగా కలిపి ఉంచే రంధ్రం తొలుస్తారు. విప్పేటప్పుడే గుర్తు పెట్టుకోకుండా ఒక దిమ్మె పై సగాన్ని మరొకదానిపై బిగిస్తే రాకర్ పట్టేస్తుంది. నా బండి ఒకసారి షెడ్డు నుంచి అలాగే తిరిగి వచ్చింది. పుష్‌రాడ్లు తీసి రాకర్‌ను చేత్తో ఆడిస్తే సగం దాకా వెళ్లి ఆగిపోయింది, సగాలు మార్చి బిగించగానే తన బరువుకు తానే వాలింది. ‘మ్యాచ్‌డ్ పెయిర్’కు ‘సరిపోలిన జత’ అని అనువదించే బదులు, చెప్పులకూ ఎద్దులకూ వాడే ‘జోడు’ను ఇక్కడా వాడితే, విడదీయరాదన్న హెచ్చరిక ఆ మాటలోనే వినిపిస్తుంది.

సర్దుబాటును కదలకుండా పట్టి ఉంచే లాక్‌నట్టు బిగించిన తరువాత పుష్‌రాడ్డును మళ్లీ ఒకసారి తిప్పి చూడాలి. ఆ చివరి బిగింపులోనే సర్దుబాటు కొద్దిగా తప్పుతుంది. అలా తప్పడానికి మీ ప్రాంతపు మేస్త్రీలు ప్రత్యేకంగా ఒక మాట వాడుతుంటే దయచేసి ఇక్కడ రాయండి.