కుట్లు విప్పగానే పీఆర్‌పీ, లేజర్ కలిపి చేయించుకోవాలా?

కోతగుర్తు: మొదటి సిజేరియన్ మచ్చ పొత్తికడుపు మీద తాడు పేనినట్టు లేచింది. చీర కుచ్చిళ్లు తగిలితే చాలు, ఒకటే దురద. వచ్చే నెల రెండోది. ఈసారి మచ్చ లేవకుండా కుట్లు విప్పిన వారం నుంచే పీఆర్‌పీ (మన రక్తంతోనే చేసే ఇంజెక్షన్), లేజర్ కలిపి చేస్తామని ఒక క్లినిక్ వాళ్లు ప్యాకేజీ చెప్పారు. అరవై వేలు! మా ఆయనేమో "ముందు బిడ్డ పుట్టనీ" అంటున్నారు. చేయించుకున్నవాళ్లెవరైనా ఉన్నారా?

మెడగీత: నేనున్నా. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత రెండూ చేయించుకున్నా. 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్, నెలకోసారి చొప్పున మూడుసార్లు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, అంతే. మచ్చకు రక్తం అందించే సన్నటి నాళాలను అది మాడుస్తుంది. మచ్చ ఎర్రగా ఉన్నప్పుడే చేయించుకోవాలి, ముదిరాక అంత లొంగదు. నాకిప్పుడు సన్నటి గీతే మిగిలింది.

పుల్లవిరుపు: మెడ ముడతలో పెట్టిన కోత చాలామందికి ఏమీ చేయకపోయినా గీతలాగే మానుతుందండీ. క్రెడిట్ లేజర్‌కి ఎలా ఇస్తాం? ఇక పీఆర్‌పీ. మన రక్తాన్నే మిషన్లో గిర్రున తిప్పి తీసిన ప్లేట్‌లెట్ల రసం. అందులో టీజీఎఫ్-బీటా అని, కణజాలాన్ని పెరగమని పురిగొల్పే ప్రోటీన్ ఉంటుంది. కెలాయిడ్‌లో, అంటే కోత దాటి పెరిగే మచ్చలో, కొలాజెన్‌ను ఎగదోసేదీ అదే. పీఆర్‌పీ మచ్చను పెంచుతుందని తేల్చి చెప్పను గానీ, ఒకసారి మచ్చ లేచిన ఒంటికి దాన్ని ముందుజాగ్రత్త అని అమ్మడం నాకు మింగుడుపడదు. పైగా మన చామనఛాయకి లేజర్ వేడి ఎక్కువైతే నల్లమచ్చ అదనం.

చర్మండాక్టర్: కోతగుర్తు గారూ, మచ్చ కోత గీతలోనే ఉందా, దాటి పక్క చర్మంలోకి పాకిందా? పాకితే కెలాయిడ్, లేకపోతే హైపర్‌ట్రోఫిక్. మొత్తం వ్యవహారం దీని మీదే తిరుగుతుంది. రెండో సిజేరియన్‌లో పాత మచ్చను కోసి తీసేయడం కుదురుతుందేమో మీ గైనకాలజిస్టుని అడగండి. పుండు పూర్తిగా మూసుకున్నాక మచ్చ మీద అంటించే సిలికాన్ షీట్, రోజుకి 12 గంటలు తగ్గకుండా, రెండు మూడు నెలలు. అయినా లేస్తే ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఎర్రగా ఉంటే దానికి లేజర్ తోడు. ఆ జోడీ నేనూ వాడతాను. పీఆర్‌పీకి మాత్రం మీ డబ్బు పెట్టించను.

మెడగీత: మన ఎండల్లో 12 గంటలు సిలికానా? నాకు రెండ్రోజులకే చెమటపొక్కులొచ్చాయి.

చర్మండాక్టర్: వస్తాయి. షీట్ రోజూ కడిగి ఆరబెట్టాలి. అప్పటికీ పడకపోతే జెల్ రాసుకోవచ్చు.

కోతగుర్తు: అద్దంలో చూద్దామంటే పొట్ట అడ్డం. అమ్మ ఫోన్‌లో ఫొటో తీసి చూపించింది. గీత దాటలేదు. క్లినిక్‌కి ఫోన్ చేసి, పీఆర్‌పీ తీసేసి అవసరమైతేనే లేజర్ చేస్తే ఎంతవుతుందని అడిగా. "అలా విడివిడిగా చేయం మేడమ్" అన్నారు.