‘కిక్డ్ అవుట్’ తర్వాత ‘ఫ్రమ్’ ఎందుకు రాదు?

ప్రశ్న:
క్రమశిక్షణ తప్పిన ఒక విద్యార్థిని కళాశాల నుంచి పంపించివేసిన సంగతిని ఆంగ్లంలో వివరిస్తూ ‘హీ వాజ్ కిక్డ్ అవుట్ ఫ్రమ్ కాలేజ్’ అని రాశాను. దిద్దినవారు ‘ఫ్రమ్’ కొట్టివేసి, ఒకే ‘ఎఫ్’ ఉండే ‘ఆఫ్’ పెట్టారు. తెలుగులో ‘కళాశాల నుంచి’ అంటాము కదా, మరి ‘ఫ్రమ్’ ఎందుకు కుదరదు? పైగా ‘కిక్’ అన్నందువల్ల కాలితో తన్నారనే అర్థం వస్తుందా?

మొదటి జవాబు:
తన్నారనే అర్థం రాదండి. మనం ‘ఉద్యోగంలోంచి గెంటేశారు’ అన్నప్పుడు మెడ పట్టి నెట్టారని ఎవరూ అనుకోరు, ఇదీ అలాంటిదే. ఇక ‘అవుట్ ఆఫ్’ అనేది ‘లోపలి నుంచి బయటికి’ అనే అర్థమిచ్చే ఒకే జంట కాబట్టి, ‘అవుట్’ వచ్చాక స్థలం పేరు చెప్పాలంటే ‘ఆఫ్’ వాడడమే సహజం. అయితే ఇది మాటల్లో వాడే భాష. అధికారిక లేఖలో కళాశాల విషయమైతే ‘ఎక్స్‌పెల్డ్’, అద్దె ఇల్లు ఖాళీ చేయిస్తే ‘ఎవిక్టెడ్’, ఉద్యోగమైతే ‘డిస్మిస్డ్’, పరాయి దేశస్థుణ్ణి దేశం దాటిస్తే ‘డిపోర్టెడ్’ అని రాయాలి. మీరు వాడాలనుకున్న ‘ఫ్రమ్’ సరిగ్గా వీటి తర్వాతే వస్తుంది.

రెండవ జవాబు:
మనవాళ్లు ఎక్కువగా తడబడేది పదాల వరుసలో. ‘దే కిక్డ్ ద బాయ్ అవుట్’, ‘దే కిక్డ్ అవుట్ ద బాయ్’ రెండూ సరైనవే కాని, ‘హిమ్’ వంటి సర్వనామం మాత్రం మధ్యలోనే రావాలి. ‘కిక్డ్ అవుట్ హిమ్’ తప్పు. మరో సంగతి: తెలుగులో ఎవరు గెంటారో చెప్పకుండానే ‘అతన్ని గెంటేశారు’ అంటాము, ‘గెంటివేయబడ్డాడు’ అనడం మన నోటికి కృతకంగా ఉంటుంది. ఆంగ్లంలో అదే భావానికి ‘హీ వాజ్ కిక్డ్ అవుట్’ లేదా ‘హీ గాట్ కిక్డ్ అవుట్’ అనే కర్మణి రూపమే సహజం. జట్టులోంచి తీసేసినా, బస్సులోంచి దించేసినా ‘అవుట్’ బదులు రెండు ‘ఎఫ్’లున్న ‘ఆఫ్’ వస్తుంది: ‘కిక్డ్ ఆఫ్ ద టీమ్’.

మూడవ జవాబు:
‘త్రోన్ అవుట్’ కూడా మనుషుల విషయంలో ఇలాగే వాడతారు, కాని దాని పరిధి పెద్దది. చెత్త పారవేసినా అదే మాట, న్యాయస్థానం దావాను కొట్టివేసినా అదే మాట. ‘డ్రాప్డ్ అవుట్’ను మాత్రం వీటితో కలపకండి. అది తనంతట తాను చదువు మానేసిన వ్యక్తి గురించి చెప్పే మాట. మీ వాక్యంలో అది పడితే నిర్ణయం కళాశాలది కాక విద్యార్థిదే అవుతుంది.