దుబాయ్ చూసినవాళ్ళు షాంఘై కూడా చూడాలా?

కృష్ణలంక రాశారు:

అమ్మనీ నాన్ననీ తీసుకుని ఓ వారం చైనా వెళ్దామనుకుంటున్నాను. ఇద్దరూ అరవై దాటారు, శాకాహారులు, రోజుకి గంటో గంటన్నరో హాయిగా నడవగలరు. బీజింగ్ ఖాయం. గోడ, రాజప్రాసాదం చూడకుండా రాలేం కదా. మిగతా రోజులు షియాన్‌కి పెట్టాలా, షాంఘైకి పెట్టాలా అన్న దగ్గరే ఇంట్లో రోజూ వాదన. మా బావ షాంఘై అంటాడు, నేను వద్దంటున్నాను.

షాంఘైలో చూపించేవి అద్దాల మేడలు, రాత్రి లైట్లు, మాల్స్. అవన్నీ మావాళ్ళు దుబాయ్‌లో చూసేశారు. షియాన్‌లో మట్టి సైనికులున్నారు, చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన బొమ్మలు, దాదాపు 2200 ఏళ్ళ నాటివి. అలాంటిది ప్రపంచంలో ఇంకోచోట లేదు. వాళ్ళ కాళ్ళలో ఓపిక కొద్దిగానే ఉన్నప్పుడు దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలి? షాంఘైలో ఉంటున్నవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు మొహమాటపడకుండా చెప్పండి.

మూసీ ఒడ్డు రాశారు:

మీరు చెప్పింది కరెక్టే. నేను ఆఫీసు పని మీద షాంఘై పోయిన. టవర్ ఎక్కుడు, ఫోటో దిగుడు, కిందికి దిగుడు. అంతే.

మన్ల చానమంది పాత షాంఘై చూద్దామని షింటియాండి పోతరు. నాకైతే అది చూస్తే ఇంకా బాధయింది. బయట పాత ఇటుక గోడ, రాతి గుమ్మం. లోపలికి పోతే కాఫీ షాపు, బీరు బారు. అండ్ల తరతరాలుగ ఉన్నోళ్ళను వేరే కాడికి పంపి, గోడలు ఉంచి, 2001ల రెస్టారెంట్ల బజారు చేసిండ్రు. ఆ నమూనా చూసి చైనాల ఊరూరా అట్లనే కట్టిండ్రు. షియాన్ల మట్టి సైనికులు 1974ల రైతులు బాయి తవ్వుతుంటే బయటపడ్డయి. ఎవలు ముస్తాబు చేసి పెట్టినయి కావు. పెద్దోళ్ళను తీస్కపోతున్నరు, అసలైంది చూపియ్యుండ్రి.

హాంగ్‌ఖౌ అమ్మాయి రాశారు:

పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నేను షాంఘైలో, హాంగ్‌ఖౌ అనే పేటలో ఉంటున్నాను. కృష్ణలంక గారూ, దుబాయ్‌తో పోల్చేవాళ్ళు నదికి ఒక ఒడ్డునే చూసి మాట్లాడుతున్నారని నాకనిపిస్తుంది. హువాంగ్‌పు నదికి తూర్పున పుడాంగ్. మీరు చెప్పే అద్దాల మేడలన్నీ అక్కడే. 1990లో అభివృద్ధి ప్రకటించేదాకా అటువైపు గోదాములు, ఓడల యార్డులు, పొలాలు ఉండేవి. పడమటి ఒడ్డున ఉన్నది బండ్. అక్కడ వరసగా నిలబడ్డ రాతి భవనాలు చాలావరకు 1900, 1930ల మధ్యవి. మనవాళ్ళు వాటికి వీపు పెట్టి, అవతలి టవర్లను ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. నాకు మనసు కష్టమనిపించేది అదే.

ఎందుకంటే ఆ వెనకున్న భవనాల్లో మన కథ కూడా ఉంది. బ్రిటన్‌తో జరిగిన మొదటి నల్లమందు యుద్ధం తర్వాత, 1842 నాన్‌కింగ్ ఒప్పందంతో షాంఘై రేవు విదేశీ వర్తకులకు తెరుచుకుంది. ఆ యుద్ధానికి కారణమైన నల్లమందు పండింది బీహార్‌లో, మాళ్వాలో. దానిమీద సంపాదించిన కుటుంబాల్లో సాసూన్లు ఒకరు. బొంబాయిలో చేపలు దిగే సాసూన్ డాక్ వాళ్ళు కట్టించిందే. ఆ ఇంటివాడైన విక్టర్ సాసూన్ 1920లలో బొంబాయి నుంచి పెట్టుబడి ఇక్కడికి మళ్ళించాడు. బండ్ మీద ఆకుపచ్చ పిరమిడ్ కప్పుతో కనిపించే హోటల్ ఆయన 1929లో కట్టించిందే. ఇప్పుడు దాన్ని పీస్ హోటల్ అంటారు. ఇంకొంచెం ముందుకెళ్తే 1923 నాటి హాంకాంగ్ షాంఘై బ్యాంకు భవనం వస్తుంది. దాని గోపురం లోపల ఆ బ్యాంకు శాఖలున్న ఎనిమిది నగరాల బొమ్మలు మొజాయిక్‌లో వేశారు. లండన్, పారిస్, న్యూయార్క్‌ల సరసన కలకత్తా ఉంది. ఆ బొమ్మల మీద పూత పూసి దశాబ్దాల పాటు కప్పేశారు, 1990లలో మళ్ళీ బయటపడ్డాయి.

ఆ రోజుల్లో ఈ వీధుల్లో ట్రాఫిక్ నడిపించిన పోలీసుల్లో వందలమంది పంజాబ్ సిక్కులు. వాళ్ళ కోసం 1908లో కట్టిన గురుద్వారా భవనం మా పేటలోనే ఉంది. ఇప్పుడక్కడ పూజలేమీ జరగవు, ఇళ్ళ మధ్య కలిసిపోయింది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1924లో చైనా వచ్చినప్పుడు దిగింది ఈ ఊళ్ళోనే. మావోమింగ్ రోడ్డు, నాన్‌చాంగ్ రోడ్డు కలిసే మూల ఆయన విగ్రహం ఉంది.

ఒక భారతీయ కుటుంబం ఈ ఒడ్డున నడిస్తే తగిలే చరిత్ర దుబాయ్‌లో తగలదు. షియాన్‌లోనూ తగలదు.

ఇక బాగా పాతదే చూడాలంటే పీపుల్స్ స్క్వేర్‌లో షాంఘై మ్యూజియం ఉంది. 2024లో పుడాంగ్‌లో దాని తూర్పు శాఖ కూడా తెరిచారు. ఆ మ్యూజియం సేకరణలో డా కె డింగ్ అనే రెండొందల కిలోల కంచు పాత్ర ఉంది. అది మట్టి సైనికుల కంటే ఆరొందల ఏళ్ళకు పైగా పాతది.

సివిల్‌సైట్ రాశారు:

టవర్లను అంత తేలిగ్గా తీసిపారేయకండి. కృష్ణలంక గారూ, నాన్నగారు ఏం చేసేవారో తెలియదు కానీ, నేల గురించి కాస్త ఆసక్తి ఉన్నవాళ్ళకు షాంఘై ఒక అద్భుతం.

ఊరంతా యాంగ్జీ నది తెచ్చిపోసిన ఒండ్రు మీద ఉంది. గట్టి రాయి ఎక్కడో లోతున ఉంటుంది. పైగా మిల్లులు, ఫ్యాక్టరీలు భూగర్భజలం తోడేయడంతో 1921 నుంచి ఈ నగరం కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా కుంగిపోయింది. 1960లలో తోడడం తగ్గించి, నీళ్ళను తిరిగి భూమిలోకి ఎక్కించడం మొదలుపెట్టాక ఆ వేగం తగ్గింది. అలాంటి మెత్తటి నేలలో 632 మీటర్ల షాంఘై టవర్ నిలబడింది. కింద ఆరు మీటర్ల మందపు రాఫ్ట్, అంటే పునాదిగా వేసే కాంక్రీటు పలక. 2010లో దానికి సుమారు అరవై వేల ఘనపు మీటర్ల కాంక్రీటు రాత్రింబవళ్ళు ఆపకుండా పోశారు. భవనం కిందినుంచి పైకి 120 డిగ్రీలు మెలితిరిగి ఉంటుంది. తుపాను గాలుల భారం తగ్గించడానికే ఆ మెలిక. మామూలు పెట్టె ఆకారంతో పోలిస్తే భారం 24 శాతం తగ్గుతుందని విండ్ టన్నెల్ పరీక్షల్లో తేల్చుకుని ఆ కోణం ఖాయం చేశారు. పైన ఊపు తగ్గించడానికి వెయ్యి టన్నుల డ్యాంపర్ వేలాడుతోంది.

ఎత్తే కొలమానమైతే దుబాయ్‌లో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ఉంది, వాదనే అక్కర్లేదు. ఇక్కడ చూడాల్సింది బురదలో ఎలా నిలబెట్టారన్నది.

మూసీ ఒడ్డు గారు పాత గల్లీల గురించి రాశారు కాబట్టి ఇంకొకటి. 2025 మేలో జాంగ్‌యువాన్ ప్రాంతంలో హువాయాన్‌లీ అనే పాత గల్లీ ఇళ్ళ సముదాయాన్ని, మొత్తం 7500 టన్నుల బరువు, 432 చిన్న రోబోల మీదికెత్తి రోజుకి పది మీటర్ల చొప్పున పక్కకి నడిపించారు. కింద నేలమాళిగ పని చేసుకోవడానికి. జూన్‌లో తిరిగి యథాస్థానానికి తెచ్చి దించారు. జేడ్ బుద్ధ ఆలయంలో ప్రధాన మందిరాన్నయితే 2017లో విగ్రహాలతో సహా ముప్పై మీటర్లు జరిపారు. ఇవన్నీ కూలగొట్టి మళ్ళీ కడితే చవకే. అయినా ఎత్తి దించారు. దీన్ని ముస్తాబు అనడానికి నాకు మనసొప్పదు.

మూసీ ఒడ్డు రాశారు:

ఇంజినీర్ సాబ్, మీ పనితనానికి దండం. కని నా సవాల్ అదే. ఇల్లు నడిచి పోయింది, నడిచి అచ్చింది. మరి ఆ ఇండ్లల్ల ఉన్న మనుషులు అచ్చిండ్రా? జాంగ్‌యువాన్‌ను 2018 తర్వాత ఖాళీ చేయించిండ్రు. 2022 ఆఖర్ల కొంత భాగం తెరిస్తే అండ్ల ఏమున్నయి? విదేశీ హ్యాండ్‌బ్యాగుల దుకాణాలు. గల్లీ అంటే గోడ కాదు కద. పొద్దుగాల కూరగాయలు ఒలిచే అవ్వ, గుమ్మంల చదరంగం ఆడే తాతలు, ఆరేసిన బట్టలు. అవన్ని తీసేసి ఇటుకలు మాత్రం కాపాడితే ఎవలి కోసం కాపాడినట్టు? టూరిస్టు పైస కోసం. మనం పోయి ఆ పైస ఇస్తే, ఇంకో గల్లీ ఖాళీ చేయిస్తరు. నా అభ్యంతరం ఇది. షాంఘై అందంగ లేదని నేను అంటలేను.

హాంగ్‌ఖౌ అమ్మాయి రాశారు:

మూసీ ఒడ్డు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. జాంగ్‌యువాన్ విషయంలో నాకూ మీ బాధే. కానీ ఆ గల్లీల్లో బతుకు ఎలా ఉండేదో కూడా చెప్పుకోవాలి. మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ అలాంటి ఇంట్లోనే పుట్టి పెరిగారు. ఒక కుటుంబం కోసం కట్టిన ఇంట్లో అయిదారు కుటుంబాలు, అందరికీ కలిపి ఒకే వంటిల్లు, మరుగుదొడ్డి లేదు. తెల్లారగానే రాత్రి కుండ పట్టుకెళ్ళి గల్లీ చివర పారబోయడం. కొన్ని గల్లీల్లో ఈ మధ్యదాకా అదే పరిస్థితి. ఆవిడ ఇరుగుపొరుగు గురించి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, కుండ గురించి మాత్రం కాదు. లిఫ్టున్న ఫ్లాట్ వదిలి మళ్ళీ వెళ్తారా అని అడిగితే చేతులడ్డం పెట్టేస్తారు. చూడ్డానికొచ్చే మనకోసం వాళ్ళు ఆ ఇబ్బంది పడుతూ ఉండాలనడం కూడా అన్యాయమే కదండీ.

మనుషులున్న గల్లీలే కావాలంటే ఉన్నాయి. హాంగ్‌ఖౌలో షాన్‌యిన్ రోడ్డుకొస్తే రెండు పక్కలా ఎర్రటి ఇటుక ఇళ్ళ వరసలు, అన్నిటిలోనూ సంసారాలు. రచయిత లూ షున్ చివరి రోజులు గడిపి, 1936లో కన్నుమూసిన ఇల్లు అక్కడే, లోపలికెళ్ళి చూడొచ్చు. టికెట్ బజారు లేదు, హ్యాండ్‌బ్యాగు దుకాణాలు లేవు. ఒక్క మనవి, జనం గుమ్మాల్లోకి ఫోన్ పెట్టి ఫోటోలు తీయకండి. ఇదే పేటలో యూదు శరణార్థుల మ్యూజియం కూడా ఉంది. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన సుమారు ఇరవై వేలమందికి నీడనిచ్చింది ఈ ఊరు.

కృష్ణలంక గారూ, మీ అమ్మానాన్నలకు తప్పక చూపించాల్సింది ఇంకోటుంది. యు యువాన్ తోట. మింగ్ రాజుల కాలంలో పాన్ యున్‌దువాన్ అనే అధికారి తన తల్లిదండ్రులు ముసలితనంలో హాయిగా గడపాలని 1559లో మొదలుపెట్టి 1577కి పూర్తిచేసిన తోట. నీళ్ళు, రాళ్ళు, గోడ మీద పాకుతున్న డ్రాగన్. చుట్టూ ఉన్న బజారు మాత్రం పాతదిలా కనిపించేట్టు ఈ మధ్య కట్టిందే. అక్కడ మూసీ ఒడ్డు గారి మాట నిజం. పొద్దున్నే వెళ్ళి తోటలో కూర్చుని, బజారు నిండకముందే బయటికొచ్చేయండి.

మెడికో రాశారు:

చైనాలోనే చదివాను. సెలవులకి షాంఘై వెళ్తుండేవాణ్ణి. వాదన పెద్దవాళ్ళకి వదిలేసి పనికొచ్చేవి రాస్తాను.

అక్టోబరు మొదటి వారం వద్దు. వాళ్ళ జాతీయ సెలవులు, బండ్ మీద పోలీసులు చేతులు పట్టుకుని గోడలా నిలబడి జనాన్ని నడిపిస్తారు. కొత్త సంవత్సరం ముందు రాత్రీ వద్దు. 2014 డిసెంబరు 31న అక్కడ జరిగిన తొక్కిసలాటలో 36 మంది చనిపోయారు. పెద్దవాళ్ళతో మామూలు రోజుల్లో, సాయంత్రం చీకటిపడే ముందు వెళ్ళండి. లైట్లు రాత్రి పదింటికల్లా ఆర్పేస్తారు.

టూరిస్టు పడవ అక్కర్లేదు. జనం ఆఫీసులకి వెళ్ళే ఫెర్రీ రెండు యువాన్లు, రెండు ఒడ్లూ కనిపిస్తాయి.

మన యూపీఐ నడవదు. బయల్దేరే ముందే అలీపే అనే చైనా పేమెంట్ యాప్‌లో వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డు గానీ జత చేసుకోండి. గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకోవద్దు. చైనా వెళ్ళడానికి మనకి వీసా తప్పనిసరి. దారిలో ఆగేవాళ్ళకి పది రోజులు వీసా అక్కర్లేదు, ట్రాన్సిట్ మినహాయింపు ఉంది అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళ మాట వినకండి, అది వర్తించే దేశాల్లో మనం లేం.

తిండికి గాంగ్‌దెలిన్ అని బౌద్ధ శాకాహార హోటలుంది, 1922 నుంచీ నడుస్తోంది. బాతు, చేప అని పేర్లుంటాయి, చూడ్డానికి కూడా అలాగే ఉంటాయి. అంతా సోయా, పుట్టగొడుగులే. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే పళ్ళెం చూసి లేచిపోతారు.

కృష్ణలంక రాశారు:

అందరికీ ధన్యవాదాలు. నాన్న నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు. సివిల్‌సైట్ గారు రాసింది చదివి వినిపిస్తే, నీళ్ళు తిరిగి భూమిలోకి ఎలా ఎక్కించారు, ఏ కాలంలో, ఎన్ని బావుల్లోంచి అని నన్ను నిలదీస్తున్నారు. ఎవరైనా చెప్పగలరా? అమ్మ మాత్రం తోట దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు నాకు తోస్తున్నది ఇదీ: బీజింగ్ తర్వాత హైస్పీడ్ రైల్లో షాంఘై. 1318 కిలోమీటర్లు నాలుగున్నర గంటల్లో అంటున్నారు. టవర్ ఎక్కం, కిందనుంచి చూస్తాం. షాన్‌యిన్ రోడ్డుకీ వెళ్తాం. షియాన్ వదిలేయాల్సి వస్తుందన్న బాధ మాత్రం పోవడం లేదు.

సివిల్‌సైట్ రాశారు:

నాన్నగారి ప్రశ్నకు ఒక్క ముక్కలో: జౌళి మిల్లులు వేసవిలో చల్లదనానికి బావి నీళ్ళు వాడేవి. చలికాలంలో చల్లటి నీళ్ళు ఆ బావుల్లోకే ఎక్కించి, వేసవిలో తోడుకోవడం మొదలుపెట్టారు. అటు చల్లదనం దక్కింది, ఇటు నేల కుంగడం తగ్గింది. ఆయనతో మాట్లాడాలనుంది. వీలైతే ఇక్కడే రాయించండి.

మూసీ ఒడ్డు రాశారు:

టవర్ ఎక్కనన్నరు, షాన్‌యిన్ రోడ్డు పోతనన్నరు, మంచిదే. కని షియాన్ వదులుడుకు నేను ఇప్పటికీ ఒప్పుకోను. పెద్దోళ్ళను మళ్ళొకసారి అంత దూరం తీస్కపోతరన్న గ్యారంటీ ఉంటదా? బీజింగ్ల ఒక రోజు తగ్గించుండ్రి. బీజింగ్ నుంచి షియాన్, షియాన్ నుంచి షాంఘై, రెండు దిక్కులా హైస్పీడ్ రైలుంది. రెండో దాంట్ల ఆరేడు గంటలు కూసోవాలె, అది అమ్మగారికి అయితదా కాదా చూస్కోండ్రి.